సెట్టు కట్టే ముందు లీజు కాగితం: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి శ్రావణికి మామయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, అమ్మాయి దుబాయ్‌లో టీవీ ఉద్యోగం మానేసిందిట. సినిమా తీస్తుందిట. రెండు భాషల్లోట. నువ్వే చెప్పాలి" అంది. తీయొద్దని చెప్పాలో, ఎలా తీయాలో చెప్పాలో మాత్రం చెప్పలేదు. దాని గొంతులో భయం ఎంతుందో గర్వమూ అంతే ఉంది, నాకు తెలుసు. అందుకని రెండోదే అడిగిందనుకుని రాస్తున్నాను.

నువ్వు పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. తెలుగు, హిందీ రెండింట్లో ఒకేసారి షూటింగ్. ఒక సంస్థానం రాణి కథ. డబ్బంతా షార్జాలో వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి పెడతాడు. కోట సెట్టుకి ఆయన పొలమే ఇస్తాడు. గుర్రాలు కూడా ఆయనవే. చివర "నాకు ఆదర్శం ముస్తఫా అక్కాద్" అని, హాలీవుడ్‌లో పనిచేసిన ఆ సిరియా దర్శక నిర్మాత పేరు రాశావు. ఆ మాట చదివి సంతోషపడ్డాను. పైన నాలుగు వాక్యాలు చదివి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను.

ముందు మామూలు సంగతులు. బ్యానరు, టైటిలు ఫిల్మ్ ఛాంబర్‌లో రిజిస్టర్ చేయించు. కంపెనీ పేరు మీద వేరే బ్యాంకు ఖాతా తెరువు, నీ సొంత డబ్బు అందులో కలపకు. కథ హక్కులు రచయిత దగ్గర రాతపూర్వకంగా తీసుకో. గుర్రాలకి జంతు సంక్షేమ మండలి అనుమతి షూటింగ్‌కి ముందే ఉండాలి, అయిపోయాక వెళితే సెన్సార్ దగ్గర ఆగిపోతావు. రెండు భాషలకి రెండు సెన్సార్ సర్టిఫికెట్లు కావాలి. ఒక భాషకి బడ్జెట్ మీద పది శాతం అదనంగా పెట్టుకుంటే, నువ్వు పదిహేను పెట్టుకో. ఇవన్నీ నీకు తెలిసినవే, టీవీలో చేసినదానివి.

ఇక అక్కాద్ సంగతి. 1930లో సిరియాలోని అలెప్పోలో పుట్టాడు. తండ్రి కస్టమ్స్‌లో ఉద్యోగి. సినిమా చదువుకి 1954లో అమెరికా బయలుదేరితే, ఆ తండ్రి చేతిలో పెట్టగలిగింది 200 డాలర్లు, ఒక ఖురాన్ ప్రతి. లాస్ ఏంజెలస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో చదివాడు, తర్వాత సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో. హాలీవుడ్ దర్శకుడు శామ్ పెకిన్‌పా అతన్ని చేరదీసి అల్జీరియా విప్లవం మీద తీయబోయే సినిమాకి సలహాదారుగా పెట్టుకున్నాడు. 1962లో అల్జీరియాకి స్వాతంత్ర్యం వచ్చేసింది, ఆ సినిమా ఆగిపోయింది. అక్కాద్ టీవీ వైపు మళ్లాడు. నటుడు సీజర్ రొమేరో వ్యాఖ్యాతగా దేశదేశాలు చూపించే సీరీస్ తీశాడు. నీలాగే టీవీలో చేయి తిరిగాకే సినిమాకి వచ్చాడన్నమాట. టీవీ మనిషికి ఒక మంచి అలవాటు ఉంటుంది. ప్రసారం తేదీ ముందే ఖాయమై ఉంటుంది కాబట్టి పని ముగించడం వస్తుంది. అది నీకుంది, దాన్ని వదులుకోకు.

అతని తప్పు దగ్గరికి వస్తాను. అసలు ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

ప్రవక్త మొహమ్మద్ కాలం కథని 'ది మెసేజ్'గా తీయాలనుకున్నప్పుడు అక్కాద్ అజాగ్రత్తగా ఏమీ లేడు. కైరోలో అల్-అజ్హర్ ఇస్లామిక్ విశ్వవిద్యాలయం పండితులకి స్క్రిప్ట్ చూపించాడు. లెబనాన్ షియా మండలి చేత ఒప్పించాడు. ప్రవక్త తెరమీద కనబడడు, ఆయన గొంతు వినబడదు అని ముందే నియమం పెట్టుకున్నాడు. కువైట్, మొరాకో, లిబియా ప్రభుత్వాలు అండగా ఉంటామన్నాయి. పైకి చూస్తే ఇంతకన్నా పకడ్బందీగా ఎవరు చేస్తారు? అయితే మక్కాలోని ముస్లిం వరల్డ్ లీగ్ ఒప్పుకోలేదు. అల్-అజ్హర్ ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంది. కువైట్ తప్పుకుంది. ఇవన్నీ జరుగుతున్నా మొరాకో రాజు మాటిచ్చాడు కదా అని మరాకేష్ దగ్గర మక్కా ఊరినే కట్టించాడు. కాబా, చుట్టూ ఇళ్లు, సందులు. కట్టడానికే నాలుగు నెలలు దాటింది.

ఆరు నెలలు షూటింగ్ జరిగింది. అప్పుడు సౌదీ నుంచి ఒత్తిడి వచ్చింది. మొరాకో ఆపేయమంది.

ఒక్కసారి ఆ రోజుని ఊహించుకో తల్లీ. సగం సినిమా డబ్బాల్లో ఉంది. మట్టి గోడల ఊరు అక్కడే ఉంది. ఆంథొనీ క్విన్, ఐరీన్ పాపస్ లాంటి వాళ్ల కాల్షీట్లు నడుస్తున్నాయి. రెండు భాషల నటులు, యూనిట్ అంతా హోటళ్లలో. గోడని విప్పి లారీలో వేసుకుని పోగలరా? మట్టి రంగు మారుతుంది, ఎండ పడే వైపు మారుతుంది, వెనకాల కొండ వరస మారుతుంది. ఒక గుమ్మంలోంచి బయటికి నడిచిన మనిషి రెండో షాట్‌లో వేరే దేశపు నేల మీద అడుగు పెట్టాలి, చూసేవాడికి తేడా తెలియకూడదు. డబ్బు ఇబ్బంది అప్పుతో తీరుతుంది. ఈ ఇబ్బంది అప్పుతో తీరేది కాదు.

చివరికి లిబియా పాలకుడు గద్దాఫీ ఆదుకున్నాడు. మిగతా ఆరు నెలల పని అక్కడ పూర్తయింది. సినిమా బతికింది, 1976లో లండన్‌లో విడుదలైంది. అంతా సుఖాంతం అనుకుంటారు. నేను అలా అనుకోను. తప్పు ఎక్కడుందో చూడు. నేల ఇచ్చింది రాజ్యమే, అనుమతి ఇచ్చింది రాజ్యమే, అండ ఇచ్చిందీ రాజ్యమే. ఆ ఒక్క చెయ్యి మడుచుకుంటే మూడూ ఒకేసారి పోయాయి. లిబియాకి వెళ్లినా అదే ఏర్పాటు, చెయ్యి మాత్రమే మారింది. తర్వాత ఇటలీ పాలనని ఎదిరించిన లిబియా వీరుడు ఒమర్ ముఖ్తార్ కథ 'లయన్ ఆఫ్ ది డెజర్ట్' తీసినప్పుడు 35 మిలియన్ డాలర్లు లిబియావే, ఎడారీ లిబియాదే. సినిమా గొప్పగా తీశాడు. 1931లో ఉరికంబం ఎక్కిన ఆ ముసలాయన్ని క్విన్ చేసిన తీరు ఇప్పటికీ చూడదగ్గది. కానీ 1981లో సినిమా బయటికి వచ్చేసరికి, అది గద్దాఫీ డబ్బుతో తీసిందన్న మాటే కథకన్నా ముందు జనానికి చేరింది. పెట్టుబడిలో పిసరంతే తిరిగి వచ్చింది. ఇటలీ నిషేధించింది, అక్కడ టీవీలో వేయడానికి 2009 దాకా పట్టింది.

ఇప్పుడు నీ కాగితాలు మళ్లీ చూసుకో. డబ్బు ఆయనదే. పొలం ఆయనదే. గుర్రాలు ఆయనవే. ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు. మొరాకో రాజూ చెడ్డవాడై ఆపలేదు, ఆయన మీద ఇంకొకరి ఒత్తిడి వచ్చింది. నీ పెద్దమనిషికి వ్యాపారంలో నష్టం రావచ్చు, అన్నదమ్ముల మధ్య ఆస్తి తగాదా రావచ్చు, రాణి వంశం వాళ్లెవరో ఫోన్ చేసి బతిమాలవచ్చు. ఆ రోజు పొలం గేటుకి తాళం పడితే నువ్వు ఎవరి దగ్గరికి వెళతావు? డబ్బిచ్చినవాడి మీద కేసు వేసి అదే మనిషి దగ్గర తర్వాతి వాయిదా అడుగుతావా?

కాబట్టి ఇలా చెయ్యి. పొలానికి లీజు వేరే కాగితం, పెట్టుబడి ఒప్పందం వేరే కాగితం. రెండూ ఒకదాన్నొకటి ముట్టుకోకూడదు. పెట్టుబడి విషయంలో ఎంత తగాదా వచ్చినా సెట్టులోకి యూనిట్ రాకపోకలు ఆపకూడదని లీజులో ఒక వాక్యం ఉండాలి. లీజు నీ కంపెనీ పేరున, షెడ్యూలు ముగిసే తేదీ మీద ఇంకో ఆరు నెలలు కలిపి. ఏడాది దాటితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి, పదకొండు నెలల కాగితంతో సరిపెట్టకు. సెట్టు సామాను, మౌల్డులు, డ్రాయింగులు కంపెనీవని విడిగా రాయించు. అద్దె ఏమీ వద్దని ఆయన అంటాడు, అయినా నువ్వు అద్దె కట్టు. నెలనెలా బ్యాంకులో పడిన అద్దె నీకు హక్కు ఇస్తుంది, మొహమాటం ఏ హక్కూ ఇవ్వదు. గుర్రాలు మటుకు బయట నుంచి తెచ్చుకో, ఖర్చైనా సరే.

డబ్బు విషయంలో, సెట్టు మేస్త్రీ మొదటి మేకు కొట్టే నాటికి మొదటి షెడ్యూలు మొత్తం ఖర్చు నీ కంపెనీ ఖాతాలో పడి ఉండాలి. "పంపిస్తున్నాను", "రేపు వేస్తాను" లెక్కలోకి రావు. తర్వాతి వాయిదాలకి తేదీలు రాయించు. ఇన్ని రీళ్లు చూశాక, నచ్చాక ఇస్తాననే షరతు ఉంటే సంతకం చేయకు. ఆయనకీ రక్షణ కావాలి, అది న్యాయమే. అందుకు పాత రోజుల్లో ల్యాబ్ లెటర్ ఉండేది. ఫైనాన్షియర్ సరేననందే ల్యాబ్ ప్రింటు బయటికి ఇచ్చేది కాదు. ఇప్పుడు డిజిటల్ కంపెనీకి అదే లెటర్ ఇస్తారు, ఆయన క్లియరెన్స్ లేకుండా థియేటర్లకి కేడీఎం, అంటే సినిమా తెరిచే డిజిటల్ తాళంచెవి, వెళ్లదు. ఆ లెటర్ ఇవ్వు, భయపడకు. కానీ హక్కులు మొత్తం ఆయన పేరున రాసివ్వకు. ఎందుకో కింద చెబుతాను.

సెట్టు ఎప్పుడైనా విప్పి ఇంకోచోట నిలబెట్టాల్సి వస్తుందనే లెక్కతోనే కట్టించు. గోడలన్నీ ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ కొలతలో ఫ్లాట్లుగా, అంటే విడి పలకలుగా, చేయించి, ప్రతిదాని వెనకా నంబరు వేయించు. ఫైబర్ మౌల్డులు వేరే గోడౌన్‌లో ఉండాలి, ఆ పొలంలో కాదు. రంగు వేసిన రోజునే ప్రతి గోడనీ పక్కన కొలత బద్ద పెట్టి ఫొటో తీయించు. ఉదయం తొమ్మిదికి, సాయంత్రం నాలుగుకి నీడ ఎటు పడుతోందో రాయించు. ఆ నేల మట్టి పది బస్తాలు ఎత్తి పెట్టుకో. వేరేచోట నటుడి కాళ్ల కింద ఆ మట్టి చల్లితే దగ్గర షాట్లు కలిసిపోతాయి.

రెండు భాషల సంగతి కూడా అక్కాద్ దగ్గరే నేర్చుకోవాలి. డబ్బింగ్ చాలదనుకున్నాడు అతను. ప్రతి సీనూ ఇంగ్లీషులో క్విన్, పాపస్‌లతో తీసి, అదే సెట్టప్‌లో అరబ్బీ నటులతో మళ్లీ తీశాడు. ప్రవక్త బాబాయి హమ్జాగా అక్కడ క్విన్ అయితే ఇక్కడ అబ్దుల్లా గైథ్. మక్కాలో ప్రవక్తని ఎదిరించిన హింద్‌గా అక్కడ పాపస్, ఇక్కడ మునా వాసిఫ్. మనవాళ్లకి ఇది కొత్తేం కాదు. 1957లో 'మాయాబజార్' తెలుగు, తమిళం రెంటికీ అలాగే తీశారు, తెలుగు అభిమన్యుడు నాగేశ్వరరావు, తమిళ అభిమన్యుడు జెమినీ గణేశన్. లైటింగు ఒకసారే కాబట్టి ఖర్చు రెట్టింపు కాదు, ఒకటిన్నర వంతు అనుకో. అయితే ఆ అర వంతు ఎక్కడెక్కడ పోతుందో తెలియాలి. ఇద్దరు నటులు ఒకే ఎత్తు ఉండరు, ఫోకస్ గుర్తులూ, మొహం మీద పడే ముఖ్యమైన దీపం కీ లైటూ మళ్లీ సరిచేయాలి. రెండో జట్టు నటులు గంటలకొద్దీ మేకప్‌తో కూర్చుంటారు, ఎండకి గడ్డం జిగురు ఊడుతుంది. గుర్రం రెండోసారికి అలిసిపోతుంది. దీపాల్లో నూనె తగ్గుతుంది, షాటుకీ షాటుకీ ఉండాల్సిన పొంతన, కంటిన్యూటీ పోతుంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, ఎప్పుడూ తెలుగే ముందు తీస్తే హిందీ ఎప్పుడూ మిగిలిన వెలుతురుతో తీసిందే అవుతుంది. సినిమా మొత్తం అలా ఉంటే చూసేవాళ్లకి తెలిసిపోతుంది. సీను మార్చి సీను వరస తిప్పు. క్లాప్ బోర్డు మీద సీను నంబరు పక్కన భాష అక్షరం తప్పకుండా ఉండాలి. కంటిన్యూటీ చూసేవాళ్లు ఇద్దరు కావాలి, ఒకరు చాలరు. మాట నిడివి కూడా ఒకటి కాదు. ఆ సినిమాకి కూడా అరబ్బీ వెర్షనే పొడవు. రెంటినీ ఒకే పొడవుకి కోయాలని ఎడిటర్‌ని పీడించకు.

'ది మెసేజ్'లో ఒక్క విషయం దగ్గరగా చూడమంటాను. ప్రవక్త కనబడకూడదు కదా, ఆయన ఎదురుగా ఉన్నాడని ఎలా చూపించాడో. కెమెరానే ఆయన చూపు చేశాడు. నటుడు నేరుగా లెన్సులోకి చూసి మాట్లాడతాడు, వినబడని జవాబు అయ్యేదాకా ఆగుతాడు, తర్వాత బదులు చెబుతాడు. మదీనాలో అడుగు పెట్టేటప్పుడు ఒంటె కనిపిస్తుంది, చేతికర్ర కనిపిస్తుంది, మనిషి మాత్రం లేడు. ఆ ఆగడంలోనే అంతా ఉంది. ఆ మౌనాన్ని ఎడిటింగ్‌లో రెండు సెకన్లు కత్తిరిస్తే ఎదుట ఎవరూ లేరని తెలిసిపోతుంది. నీ రాణి కథలో దర్బారు సీన్లున్నాయి. డబ్బు చాలక వెయ్యి మందిని నిలబెట్టలేనప్పుడు ఈ పద్ధతి గుర్తు తెచ్చుకో, చూసేవాళ్ల మొహాల మీద చాలా తీయొచ్చు.

నా ఇంకో భయం పుకారు. చూసినవాళ్ల కోపం కన్నా చూడనివాళ్ల కోపం ప్రమాదం. ప్రవక్త వేషం ఫలానా హాలీవుడ్ నటుడు వేస్తున్నాడని ఒక పుకారు ఆ సినిమాకన్నా ముందే ఊళ్లు తిరిగింది. లండన్‌లో బెదిరింపులు వస్తే చివరి నిమిషంలో సినిమా పేరు మార్చాడు. 1977 మార్చి 9న వాషింగ్టన్‌లో పన్నెండు మంది తుపాకులతో మూడు భవనాలు పట్టుకున్నారు, 149 మందిని బందీలుగా ఉంచారు. వాళ్ల కోరికల్లో ఒకటి ఆ సినిమా ఆపడం. ఇరవై నాలుగేళ్ల రేడియో విలేకరి ఒకతను చనిపోయాడు. సినిమాని థియేటర్ల నుంచి తీసేశారు. మీకు చూపిస్తాను, మీకు తప్పు కనిపిస్తే నేనే నాశనం చేస్తానని అక్కాద్ అన్నాడు. అప్పటికే ఆలస్యమైంది. నువ్వు ఆ పని ముందు చెయ్యి. రాణి వంశంలో మిగిలినవాళ్లు, ఆ ఊరి పెద్దలు, ఆ సంస్థానం చరిత్ర చదివిన ఇద్దరు ముగ్గురు, వీళ్లకి స్క్రిప్ట్ నువ్వే వెళ్లి చదివి వినిపించు. వాళ్ల ఆధారాలు, నీ ఆధారాలు తేదీతో సహా ఫైలులో పెట్టు. పోస్టర్ ముందు వదలకు. ఏ పత్రికవాళ్లడిగినా రాణి ప్రేమ గురించి ఒక్క ముక్క చెప్పకు, కథంతా అదేనని రాస్తారు.

హక్కుల సంగతి చెబుతానన్నాను. 'లయన్ ఆఫ్ ది డెజర్ట్' పనిలో మునిగి ఉన్న రోజుల్లోనే జాన్ కార్పెంటర్ అనే కుర్రాడు అక్కాద్‌కి ఒక దయ్యం లాంటి హంతకుడి కథ చెప్పాడు, దాదాపు షాటు తర్వాత షాటు. తన జీతం ముందు అడగలేదు. ఆ రెండూ చూసి అక్కాద్ నమ్మాడు. మూడు లక్షల డాలర్లు పెట్టాడు. 1978లో ఇరవై రోజుల్లో తీశారు. డబ్బులో పెద్ద వాటా మంచి పానావిజన్ కెమెరాకి పోయింది. మిగతా అన్నిట్లో గీచి గీచి ఖర్చు పెట్టారు. హంతకుడి ముసుగు రెండు డాలర్ల లోపు దొరికిన బొమ్మ ముఖం, తెల్ల రంగు కొట్టింది. కథ శరదృతువుది, తీస్తున్నది వసంతంలో. అందుకని కాగితపు ఆకులకి రంగు వేసి, షాటు అయ్యాక ఏరుకుని, మళ్లీ చల్లుకుని వాడారు. అదే 'హాలోవీన్'. ప్రపంచమంతా కలిపి 70 మిలియన్ డాలర్ల దాకా తెచ్చింది.

ఆ పేరు చేజారనీయలేదు అక్కాద్. 2002 దాకా వచ్చిన ఎనిమిది సినిమాలకీ అతనే ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. 1982 నాటి మూడోదాంట్లో ఆ హంతకుడిని తీసేస్తే జనం నిరాశపడ్డారు, 1988లో మళ్లీ వెనక్కి తెచ్చాడు. రాజులిచ్చిన డబ్బుతో తీసినవి అతనికి పేరు తెచ్చాయి. ఇంటిని నడిపింది ఎవరి అనుమతీ అవసరం లేని ఈ చిన్న సినిమా, చేతిలో ఉంచుకున్న హక్కులు. అందుకని నీ పెద్ద సినిమాతో పాటు ఒక చిన్న కథ సిద్ధంగా ఉంచుకో. నలుగురు నటులు, ఒక ఇల్లు, ఇరవై రోజులు. దాని హక్కుల్లో ఎవరికీ పైసా వాటా ఇవ్వకు.

క్రూసేడ్ యుద్ధాల్లో జెరూసలేంని గెలిచిన సుల్తాన్ సలాహుద్దీన్ కథని షాన్ కానరీతో తీయాలని అక్కాద్ చివరిదాకా తాపత్రయపడ్డాడు. తీయలేకపోయాడు. 2005 నవంబర్ 9న జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఒక పెళ్లికి వెళ్లాడు. హోటల్ లాబీలో ఉండగా బాంబు పేలింది. కూతురు రీమా అక్కడే పోయింది, ముప్పై నాలుగేళ్లు. రెండు రోజులకి అతనూ పోయాడు. ఇది సినిమా వల్ల జరిగింది కాదు. ఎందుకు రాశానో నాకే తెలియదు తల్లీ. నీ వయసు, ఆ అమ్మాయి వయసు చూసుకుంటే చెయ్యి ఆగింది. షెడ్యూల్లో ఉన్నన్నాళ్లు రాత్రి ఎంత పొద్దుపోయినా మీ అమ్మకి ఒక్క ఫోన్ చెయ్యి. అన్నం సెట్టు మీద అందరితో కూర్చుని తిను, కారవాన్‌లో ఒంటరిగా తినకు. రాత్రి షూటింగ్ అయ్యాక డ్రైవర్‌ని వెంటనే బండి తీయనివ్వకు, నాలుగు గంటలు పడుకోనిచ్చాకే బయలుదేరు.

నీ పేరున యాభై వేలు వేశాను. ఇది సినిమాలో పెట్టకు. లాయర్‌కి ఇవ్వు, ఆ రెండు కాగితాలు విడివిడిగా రాయించడానికి. రాయించాక సంతకం పెట్టకుండా తీసుకురా. వాట్సాప్‌లో ఫొటో వద్దు, చిన్న అక్షరాలు నాకు ఆనవు. వచ్చే ఆదివారం అత్తయ్య గోంగూర పచ్చడి పడుతోంది, ఆ రోజు వస్తే భోజనం చేసి సాయంత్రం దాకా కూర్చుని వాక్యం వాక్యం చదువుదాం.

ఆశీస్సులతో,
మామయ్య